మండు వేసవిలో పూసిన గంజాయి మొక్క

ఆ మొక్క సంగతి ఇల్యాస్‌కి ఎంతకీ మింగుడుపడలేదు.

కొండల నడుమ ఆ ఊళ్ళో హకీం మురాద్ సాహెబ్‌కి ఒక మందుల తోట ఉండేది. ఆయన వైద్యుడూ, సూఫీ గురువూ కూడా. తోటలో ఒక మూల కీళ్ళనొప్పుల మందు కోసం గంజాయి వేసేవాళ్ళు. దక్షిణపు లోయల విత్తనం. మనిషిని మించి పెరుగుతుంది. పగళ్ళు తగ్గి రాత్రులు పెరిగితే గాని పూత పట్టదు. అలాంటిది, మండు వేసవిలో, మోకాలెత్తు మొక్క ఒకటి విరగబూసింది.

మందుల పుస్తకం రాసే పని ఇల్యాస్‌ది. మూడేళ్ళుగా అక్కడ శిష్యుడు. మూడు రోజులు ఆ మొక్క దగ్గరే కూర్చుని ఒక పేజీ నింపి గురువుకి చూపించాడు.

"వాసన: నిమ్మతొక్క, తడిసిన దేవదారు, చివర్న కాస్త మిరియాల ఘాటు. గుణం: దీని రసం ఒక చుక్క నొప్పిని మరిపిస్తుంది. రెండు చుక్కలు ఊరికే నవ్విస్తాయి. మూడైతే కూర్చున్న చోటు నుంచి లేవబుద్ధి కాదు, ఆకలి మాత్రం దంచేస్తుంది."

గురువు తలెత్తాడు. "మూడో చుక్క సంగతి నీకెలా తెలుసు?"

"వంటాయన పొరపాటున తాగాడు, ఉస్తాద్."

"నిన్న రొట్టెలు అందుకేనా తక్కువపడ్డాయి!" గురువు పగలబడి నవ్వాడు. మళ్ళీ పేజీలోకి చూశాడు. కింద 'తల్లి: దక్షిణపు లోయల మొక్క' అని ఉంది. 'తండ్రి' అన్న చోట ఏమీ లేదు.

"తెలీలేదు ఉస్తాద్. దీని తల్లి నిరుడు బుద్ధిగా పగళ్ళు తగ్గాకే పూసింది. ఆ వరసలో మొక్కలన్నీ అంతే. వాటి గింజల్లోంచి ఇదెలా పుట్టిందో?"

"గురువారం ఎరువు తెచ్చే తుర్సున్‌ని అడుగు. ఉత్తరాది మైదానాల మనిషి."

ఇల్యాస్ మొహం పాలిపోయింది.

తుర్సున్ అతని తండ్రి. ఆ సంగతి అక్కడెవరికీ తెలీదు. తోటి శిష్యులంతా కాజీల పిల్లలూ, వర్తకుల పిల్లలూ. వచ్చిన కొత్తలో వాళ్ళు అడిగితే, తన తండ్రి పట్నంలో లేఖకుడనీ, పోయాడనీ చెప్పేశాడు. అది ఎలాగో తుర్సున్ చెవిన పడింది. ఆయన కోప్పడలేదు. ప్రతి గురువారం గుర్రపుపేడ మూటలు తెచ్చి గేటు దగ్గర దించేవాడు. "సలాం హకీం గారూ" అని కొడుక్కే దణ్ణం పెట్టి, ఒక్క క్షణం కళ్ళారా చూసుకుని వెళ్ళిపోయేవాడు.

"గుర్రాల కాపరికి మొక్కల వంశం ఏం తెలుస్తుంది ఉస్తాద్?" అన్నాడు ఇల్యాస్.

గురువారం పొద్దున్నే గురువు తానే గేటు దగ్గరికెళ్ళి, గుర్రం మీంచి ఒక మూట దించి భుజానికెత్తుకుని తోటలోకి నడిచాడు.

"అయ్యో సాహెబ్, పేడ! మీరెందుకు మోయడం!" అంటూ తుర్సున్ వెనకాలే పరిగెత్తాడు. అలా మొదటిసారి గేటు దాటి లోపలికొచ్చాడు.

గురువు సరిగ్గా ఆ మొక్క పక్కనే మూట దించాడు. తుర్సున్ వంగి వాసన చూసి వరసగా మూడు తుమ్ములు తుమ్మాడు. పక్కనే ఉన్న ఇల్యాస్ కూడా మూడుసార్లు తుమ్మాడు. శిష్యులు నవ్వారు. గురువు నవ్వలేదు.

"ఇది మాదే!" అన్నాడు తుర్సున్ సంబరంగా. "మా వైపు దారి పక్కన ఇలాగే పొట్టిగా మొలుస్తుంది. దానికి వాసనా ఉండదు, మత్తూ ఉండదు. మాకు వేసవి రెండు నెలలే కదా సాహెబ్. రాత్రులు పెరిగేదాకా ఆగితే మంచుకి చచ్చిపోతుంది. అందుకే పొద్దుతో పని లేకుండా వయసు రాగానే పూసేస్తుంది. గుర్రాల మేతలో గింజ కలిసి పేడతో ఎప్పుడో ఇక్కడికొచ్చి, మొలిచి, మీ మొక్కతో కలిసుంటుంది. ఈ ఘుమఘుమ మాత్రం మీ లోయ మొక్కదే."

"మరి నిరుడు ఒక్కదాంట్లోనూ కనబడలేదేం?" ఇల్యాస్ ఉండబట్టలేక అడిగేశాడు.

"మా గుర్రాల్లోనూ ఇంతే హకీం గారూ. మంచి నల్లజాతి గుర్రాన్నీ ఎర్రదాన్నీ కలిపితే పిల్లలన్నీ నల్లగానే పుడతాయి. ఎరుపు పోయిందనుకుంటాం. ఆ నల్లవాటికి పుట్టినవాటిలో మళ్ళీ ఎర్రపిల్ల దిగుతుంది. ఎక్కడికీ పోదు. లోపలే ఉంటుంది, మనకి కనబడదంతే."

ఇల్యాస్ తల దించుకున్నాడు.

గురువు చెట్టు కింద చాప మీద కూర్చుని, పేజీ అతని ముందు పరిచి, కలం సిరాలో ముంచి ఇచ్చాడు. "రాయి. చెప్పినవాళ్ళ పేరూ, రాసినవాళ్ళ పేరూ లేకుండా మన పుస్తకంలో ఏ పేజీ ఉండదు."

ఇల్యాస్ చాలాసేపు రాశాడు. రాయాల్సింది మాత్రం రెండు ముక్కలే.

"నాకు చదువు రాదు. ఏం రాశారు హకీం గారూ?" అన్నాడు తుర్సున్.

ఇల్యాస్ లేచి నిలబడ్డాడు. అందరికీ వినబడేలా చదివాడు. "ఈ మొక్క వంశం చెప్పినవాడు గుర్రాల కాపరి తుర్సున్. రాసినవాడు ఆయన కొడుకు ఇల్యాస్."

తుర్సున్ చేతులు అంగరఖాకి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. వంగి ఆ పేజీని పరీక్షగా చూశాడు.

"అక్షరాలు గుండ్రంగా రాస్తాడు సాహెబ్, మావాడు" అన్నాడు చివరికి.

గురువు చాప మీద కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు.

"ఇల్యాస్, మీ నాన్నకి టీ పొయ్యి."