మాచమ్మ ఎండబెట్టిన ఉత్తరాలు

ఏనాటి మాటో ఎవరికీ తెలీదు గానీ, వినండర్రా. కొండకీ ఏటికీ నడుమ ఓ చిన్న రాజ్యం ఉండేది. దానికి పేర్రాజుగారని ఓ రాయబారి. ఏ పొరుగు రాజు మీసం మెలేసినా ఈయన వెళ్ళేవాడు, నవ్వించేవాడు, సంధి కుదిర్చేవాడు. ఆ ముచ్చటంతా తాటాకుల మీద రాసి కోటకి పంపేవాడు. బయల్దేరేటప్పుడు మాత్రం, కోట వంటింట్లో మాచమ్మ పెట్టిన గుమ్మడి వడియాలు మూట కట్టుకోందే గడప దాటేవాడు కాదు.

పేర్రాజుగారు పోయారు. ఆయన ఉత్తరాలన్నీ, పొరుగు రాజులు చేవ్రాలు చేసిచ్చిన ఆకులతో సహా, పెట్టెలో పెట్టి అటకెక్కించారు. ఆ ఏడు కురిసింది చూడండి, వాన! అటక కారింది, పెట్టె నానింది. సరిగ్గా అప్పుడే ఎగువ రాజ్యం నుంచి కబురు: "మా పెద్దరాజుగారు మీకు ఏటి నీళ్ళు వదుల్తానని మాటిచ్చి పోయారట. ఆయన చేవ్రాలున్న ఆకు చూపించండి. లేదంటే అడ్డుకట్ట వేసేస్తాం."

ఈ కబురు వంటింట్లో మాచమ్మ చెవిన పడింది. నీళ్ళు లేకపోతే పంటేదీ, పంట లేకపోతే పొయ్యేదీ?

కాపలావాడి దగ్గరికెళ్ళింది. "నాయనా, ఆ ఆకులు బూజు పట్టేస్తాయి, ఎండబెట్టించు."

"నీ వడియాలు నువ్వు చూసుకో మాచమ్మా!"

గుమాస్తా దగ్గరికెళ్ళింది.

"నీ వడియాలు నువ్వు చూసుకోవే!"

దివాన్‌గారి దగ్గరికెళ్ళింది.

"లక్కముద్ర వేసిన పెట్టె అది. రాజుగారు వేటనుంచి వచ్చేదాకా ముట్టరాదు. పో, నీ వడియాలు నువ్వు చూసుకో!"

"సరే, చూసుకుంటాను" అంది మాచమ్మ.

తెల్లారేసరికి ఎండ కాసింది. పెట్టె మేడమీదికి ఈడ్చుకొచ్చి, ముద్ర ఊడబెరికి, వడియాలు పెట్టిన పాత చీరమీదే ఉత్తరాలూ పరిచేసింది. ఇంతలో గాలి. ఓ ఆకు ఎగిరి పచ్చి వడియం మీద బోర్లా పడి అతుక్కుపోయింది. ఏ ఆకనుకున్నారు? ఆ నీళ్ళ ఆకే! గీకబోతే పొర లేచొస్తోంది.

దివాన్‌గారు పైకొచ్చి నెత్తి పట్టుకున్నారు. "కొంప ముంచావే! ఎగువ పెద్దరాజుగారి చేవ్రాలు మీద వడియమా!"

"తిట్టేది తర్వాత తిడుదురుగాని బాబూ, ముందా కాకుల్ని తోలండి!"

పాపం దివాన్‌గారు, తలపాగా విప్పి సాయంత్రందాకా కాకుల్ని తోలారు.

మూడోనాడు ఎగువ రాజ్యం ముసలి మంత్రి దిగాడు. ఆకు చేతికిచ్చారు.

"ఏమిటిది, వెక్కిరింపా? చేవ్రాలేదీ?"

స్తంభం చాటున మాచమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ముసలాయన ఆకు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. మూడోసారి వడియం అంచు విరిచి నోట్లో వేసుకుని పటుక్కున కొరికాడు.

"ఓరి నా మతిమరుపు! ఇది పేర్రాజు తెచ్చిన వడియాల రుచే! వీటితో భోంచేస్తూనే గదా మా పెద్దరాజు నీళ్ళ మాటిచ్చాడు! పక్క పీటమీద నేనే ఉన్నాను. ఆ మాట నిజం, ఈ ఆకు నిజం. ఇంతకీ, అన్నం ఉందా?"

నీళ్ళొచ్చాయి. పంటలొచ్చాయి. ఎన్నో వడియాలు పెట్టి, పండు ముసలిదై పోయింది మాచమ్మ.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల వానలు వెలిశాక కాసే తొలి ఎండని మాచమ్మ ఎండ అంటారు. ఆ రోజు పొలం పట్టాలూ, శుభలేఖలూ, పాత ఉత్తరాలూ వడియాల పక్కనే ఎండబెడతారు. ఎంత పెద్ద ఉద్యోగస్తుడైనా సరే, కాకుల్ని తోలి తీరాలి. ఇక ఎవరన్నా మాటిచ్చి మరిచిపోయారా, వాళ్ళతో తగాదా పడరు. భోజనానికి పిలిచి, విస్తట్లో ఓ వడియం వేసి ఊరుకుంటారు.