మద్దిలేటి వెనక ఎవరు

ఉడుమలకనుమ మీద మద్దిలేటి వెనక పరుగెత్తడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

అప్పటికింకా ఆ వైపు రైలు రాలేదు. కొండకు ఇటున్న ఊళ్ళ టపా అటు చేరాలంటే మనుషులే మోసుకుంటూ పరుగెత్తాలి. కనుమ దారి బాగా ఇరుకు. ఒక పక్క గుట్ట, ఒక పక్క లోయ. అందుకని ఇద్దరిద్దరుగా పోయేవారు. ముందువాడి చేతిలో గజ్జెలు కట్టిన కర్ర ఉండేది. ఆ చప్పుడుకు దారిలో ఏ జంతువున్నా తప్పుకుంటుంది. వెనకవాడి భుజాన టపా సంచి. వెనకవాడికి దారి కనపడదు, ముందువాడి వీపు కనపడుతుంది. ఆ వీపును నమ్ముకుని పరుగెత్తాలి.

ముందు పరుగెత్తేవాళ్ళలో మద్దిలేటిని మించినవాడు లేడు. కనుమ ఎక్కడం మొదలుపెడితే కొన దాకా ఆగడని పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం. దారి మధ్యలో ఒక నీటి ఊట ఉండేది. అందరూ అక్కడ కాసేపు నిలబడి గొంతు తడుపుకునేవారు. మద్దిలేటి మాత్రం గజ్జెలు ఇంకాస్త గట్టిగా మోగించుకుంటూ దాన్ని దాటిపోయేవాడు. ఊట దగ్గర నిలబడ్డవాళ్ళు తనను చూస్తున్నారని అతనికి తెలుసు.

ఎండాకాలం ముగిసే రోజుల్లో ఒక పొద్దున, కొన నుంచి తిరిగి దిగుతూ, ఊట దాటాక వచ్చే మలుపులో, అతని డొక్కలో పోటు వచ్చింది. కత్తి దించినట్టు వచ్చింది. ఇంకో పది బారలు లాగుదామనుకున్నాడు. కాళ్ళు వినలేదు. మలుపు మీదనే, దారి మధ్యలో, ఉన్నపళంగా ఆగిపోయాడు.

వెనక వస్తున్న పక్కీరప్ప అతనికి గుద్దుకుని లోయలోకి జారిపోయాడు. కొంచెం కింద ఒక రేగుపొద ఆపింది కాబట్టి బతికాడు. భుజం ఎముక విరిగింది.

మద్దిలేటే దిగి పైకి లాగాడు. వీపున వేసుకుని ఊరి దాకా మోసుకొచ్చాడు. టపా పని చూసే జమేదారు ఎదురొచ్చి ఏం జరిగిందని అడిగాడు.

"నేను ఆగలేదు సామీ. వాడే కాలు తప్పినాడు" అన్నాడు మద్దిలేటి.

అతని వీపు మీద ఉన్న పక్కీరప్ప ఆ మాట విన్నాడు. ఏమీ అనలేదు.

అనకపోయినా సంగతి అందరికీ తెలిసిపోయింది. మలుపులో నేల మీద జారిన అడుగులు ఎవరివో, నిలిచిన అడుగులు ఎవరివో చూస్తే తెలిసేదే. ఆ రోజు నుంచి మద్దిలేటి గజ్జెల కర్ర తీసుకుని నిలబడితే, సంచి భుజాన వేసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.

"వానలు పడేలోగా నీ వెనక పరుగెత్తేవాణ్ణి నువ్వే తెచ్చుకో. లేదంటే మైదానం దారికి పంపుతా. అక్కడ ఒంటరిగా పరుగెత్తొచ్చు" అన్నాడు జమేదారు.

కనుమ ఎక్కేవాణ్ణి మైదానానికి పంపడమంటే తల దించుకోవలసిన సంగతే.

మద్దిలేటి తనకంటే చిన్నవాడైన లింగన్నను అడిగాడు. "నా కాళ్ళ మీద నీకేమన్నా అనుమానమా?"

"నీ కాళ్ళ మీద లేదన్నా. నీ నోటి మీదుంది" అన్నాడు లింగన్న.

మద్దిలేటి రోషంతో కొండెక్కాడు.

కనుమ కొనన మునీర్ షా అనే ఫకీరు ఉండేవాడు. ఒకప్పుడు ఆ దారిలో టపా మోసిన మనిషే. ఒక సూఫీ గురువు దగ్గర చేరి, ఆ గురువు పోయాక, తను పరుగెత్తిన దారి చివరే గుడిసె వేసుకున్నాడు. వచ్చేపోయేవాళ్ళకు కుండలో నీళ్ళు పెట్టేవాడు. కనుమలో పరుగెత్తేవాళ్ళంతా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ఊపిరి ఎట్లా పట్టాలో, రాళ్ళ మీద పాదం ఎట్లా పెట్టాలో మద్దిలేటికి చెప్పింది ఆయనే.

"నా పరుగు వాళ్ళకు అందదు బాబా. అందుకే కుళ్ళు. నా వెనక ఒక్కడూ రానంటాండాడు" అన్నాడు మద్దిలేటి.

మునీర్ షా అతనికి నీళ్ళిచ్చాడు. తాగాక అడిగాడు.

"రేప్పొద్దున నేను కిందికి పోతా. వస్తావా?"

"ఏం పని బాబా?"

"పనేం లేదు. పరుగెత్తుదాం."

ఆ ముసలాయన పరుగెత్తగా మద్దిలేటి ఎన్నడూ చూడలేదు. నవ్వు ఆపుకుని తల ఊపాడు.

తెల్లవారాక బాబా ఒక సంచిలో జొన్నలు పోసి మద్దిలేటి భుజానికి తగిలించాడు. గజ్జెల కర్ర తను పట్టుకున్నాడు.

"నువ్వు వెనక" అన్నాడు.

మద్దిలేటి ఎవరి వెనకా పరుగెత్తి ఎరగడు. మొదట్లో ముసలివాడి నడకకు విసుగొచ్చింది. కాసేపటికి విసుగు పోయి భయం పట్టుకుంది. ముందు రాయి ఉందో గుంట ఉందో కనపడదు. సంచి ఒక పక్కకు లాగుతోంది. కళ్ళ ముందు ఉన్నది ఒక్క వీపు, చెమటతో తడిసిన పాత అంగీ. అది ఎటు వంగితే తను అటు వంగాలి.

ఒకచోట దారి తిన్నగా సాగింది. బాబా కుడిచెయ్యి పైకి లేచింది. జెండా కర్రలా నిటారుగా లేచింది. అట్లా ఎత్తి కూడా వెంటనే ఆగలేదు. నాలుగడుగులు పరుగెత్తి, ఒకసారి వెనక్కి చూసి, లోయ వైపు ఒదిగి, అప్పుడు ఆగాడు. గుట్ట వైపు దారి మొత్తం మద్దిలేటికి వదిలాడు. మద్దిలేటి అడుగు తడబడకుండా పక్కనుంచి దాటి కొంత దూరం పోయి నిలబడ్డాడు.

"లోయ వైపు నిలబడితిరే బాబా!"

"నిలబడినోడి కాలు జారదు. పరుగెత్తేవోడి కాలు జారుతుంది. గుట్ట పక్క నీకే ఉండాల."

ఊపిరి కుదుటపడ్డాక బాబా ముందూ వెనకా చూసి మళ్ళీ దారిలోకి వచ్చాడు. ఊట దగ్గర ఒకామె బిందె ముంచుకుంటోంది. ఆయన చెయ్యెత్తి, పక్కకు తప్పుకుని, ఆమె బిందె తలకెత్తుకుని పోయేదాకా ఊటకు ఎడంగా నిలబడ్డాడు. దాహంతో ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి. తర్వాత ఆకు దొన్నెతో నీళ్ళు తీసుకుని, ఊటలో ఒక్క చుక్క వెనక్కి పడకుండా, దూరంగా వచ్చి తాగాడు.

ఊట దాటాక ఆ మలుపు వచ్చింది. పక్కీరప్ప పడిన మలుపు.

"ఇక్కణ్ణుంచి నువ్వు పో. కింద కలుస్తా" అన్నాడు బాబా.

మద్దిలేటి ఊపిరి పీల్చుకుని పరుగు తీశాడు. మలుపు మీద నేలను చూడకుండా దాటాడు. చాలా కిందికి దిగాక, దారి మెలి తిరిగిన చోట నిలబడి తలెత్తి చూశాడు. పైన బాబా ఒక్కడే వస్తున్నాడు. ఆయన ముందు ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు. కొండంతా ఖాళీగా ఉంది.

ఆ ఖాళీ దారి మీద ముసలాయన చెయ్యి పైకి లేచింది.

అంతే నిటారుగా లేచింది. తల కూడా ఎత్తే ఉంది. నాలుగడుగులు వేసి, వెనక్కి చూసి, లోయ వైపు ఒదిగి, ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. కొంతసేపటికి లేచి, ముందూ వెనకా చూసుకుని, మళ్ళీ పరుగు మొదలుపెట్టాడు.

ఆయన దగ్గరికి వచ్చేదాకా మద్దిలేటి అక్కడే నిలబడి ఉన్నాడు.

"మీ వెనక ఎవరూ లేరు కదా బాబా. చెయ్యెత్తి ఎవరికి చెప్పినారు?"

"నాకే" అన్నాడు మునీర్ షా.

మద్దిలేటికి అర్థం కాలేదు.

"ఆగుతున్నానని ముందు నాకు తెలియాల గదా నాయనా."

అంతకుమించి ఆయనేం చెప్పలేదు. సంచి తీసుకుని, మెల్లగా కొండెక్కి వెళ్ళిపోయాడు.

మద్దిలేటి చాలాసేపు ఆ రాళ్ళ మధ్య నిలబడ్డాడు. తర్వాత కిందికి దిగి, తన ఇంటికి పోకుండా, పక్కీరప్ప ఇంటికి పోయాడు.

పక్కీరప్ప వసారాలో మంచం మీద ఉన్నాడు. భుజానికి వెదురుబద్దల కట్టు. చుట్టూ నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. లింగన్న కూడా ఉన్నాడు. మద్దిలేటి గడప దగ్గరే ఆగాడు. వాళ్ళంతా పోయాక చెప్పొచ్చనిపించింది. అట్లా అనిపించినందుకే అప్పుడే చెప్పాడు.

"ఆ పొద్దు నేనే ఆగినా పక్కీరూ. డొక్కలో పోటొచ్చింది. చెప్పకుండా ఆగినా."



"నాకు తెలీదా? నీ వీపు తప్ప నాకింకేం కనపడింది?" అన్నాడు పక్కీరప్ప.

అదే మాట మద్దిలేటి జమేదారు దగ్గరికి పోయి కూడా చెప్పాడు. జమేదారు మంచివాడే, కానీ మాట తప్పేవాడు కాదు. వానలు పడ్డాయి. మద్దిలేటిని మైదానానికి పంపేశారు.

అతను తల దించుకుని పోలేదు. రేగడి చేల మధ్య బండ్ల బాటలో ఆ వానాకాలమంతా ఒంటరిగా పరుగెత్తాడు. ఆగవలసి వచ్చినప్పుడల్లా చెయ్యి ఎత్తేవాడు. మొదటిసారి ఎత్తబోతే మోచెయ్యి దాకా వచ్చి అది ఇక పైకి పోనంది. రాయి కట్టినంత బరువుగా తోచింది. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. ఎవరూ లేకపోయినా ఎంత సిగ్గుగా ఉందో అప్పుడు తెలిసింది. పళ్ళు బిగబట్టి పైకెత్తాడు.

కలుపు తీసేవాళ్ళు చూసి నవ్వారు. "ఎవరే అది, ఆకాశానికి సలాము పెడతాండాడు?" అన్నదొకామె. మద్దిలేటి ఆ చెయ్యి దించకుండానే నాలుగడుగులు వేసి, బాట పక్కకు తప్పుకుని, ఆగాడు. రానురాను చెయ్యి తేలికైంది. రానురాను భుజం దానంతట అదే నిటారైంది.

వానలు వెనకపట్టాక పక్కీరప్ప భుజం కుదిరింది. జమేదారు అతన్ని పిలిపించాడు.

"నీకు ఇష్టమున్నవాణ్ణి ముందు పెట్టుకో. ఎవరు కావాల?"

లింగన్న అప్పటికే గజ్జెల కర్ర చేతిలోకి తీసుకున్నాడు.

"మైదానంలో ఉండాడే, వాణ్ణి పిలిపించండి" అన్నాడు పక్కీరప్ప.

జమేదారు అతని మొహంలోకి చూశాడు. "నిన్ను పడేసినోణ్ణా?"

"పడేసింది నేనే అని నలుగురి ముందర నాతో చెప్పినోణ్ణి."

మద్దిలేటి కనుమకు తిరిగి వచ్చిన పొద్దున మంచు బాగా కురిసి, ఎండెక్కాక విడిపోయింది. కొండ కొనన మునీర్ షా గుడిసె ముందు కూర్చుని ఉన్నాడు. ఏళ్ళ తరబడి ఆ దారిన గాజులమ్ముకుంటూ తిరిగే శేషమ్మ, మలారం దించుకుని ఆయన ఇచ్చిన నీళ్ళు తాగుతోంది. అక్కణ్ణుంచి చూస్తే కనుమ దారి మెలికలు మెలికలుగా కింది దాకా కనపడుతుంది.

గజ్జెల చప్పుడు మొదట వినపడింది. తర్వాత ఇద్దరు మనుషులు కనపడ్డారు. బాగా జోరుగా వస్తున్నారు. సగం దూరం ఎక్కాక, దారి తిన్నగా ఉన్నచోట, ముందున్నవాడి చెయ్యి పైకి లేచింది. ఆ మనిషి నాలుగడుగులు వేసి లోయ వైపు ఒదిగి నిలబడ్డాడు. వెనకవాడు అడుగు తప్పకుండా గుట్ట పక్కగా దాటి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"బాగుండావా?" అన్న కేక కొండకు తగిలి పైదాకా వినపడింది.

"బాగుండా. ఒక్క గడియ నిలబడు, వస్తా."

శేషమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "పాపం, ఆ ముందాయన అలసిపోయినట్టుండాడే."

"అలసిపోయినాడు" అన్నాడు బాబా.

అని, గుడిసె వాకిలి గుంజ పట్టుకుని లేచాడు. మోకాళ్ళు నొప్పి పెడుతున్నా వీపు నిలువుగా పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన దగ్గర పరుగు నేర్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయన అప్పుడన్న మాట వాళ్ళలో ఎవరి గురించీ అనగా శేషమ్మ అంతకుముందు వినలేదు.

"వాడు నా శిష్యుడు తల్లీ" అన్నాడు.