గొట్టం చివర కిటికీ

ఒక కొండలో ఒక వెలుగు ఉండేది. కళ్ళు బాగుచేయడం దాని పని. కొండ మీంచి వైద్యుడి ఇంటిదాకా పొడవాటి ఇత్తడి గొట్టం వేశారు. పొద్దు కొండెక్కగానే వెలుగు ఆ గొట్టంలో దిగి వచ్చి, కింద కూర్చున్న మనిషి కంట్లో పొర ఎక్కడుందో సరిగ్గా అక్కడే తాకేది.

గొట్టంలోకి దుమ్ముగానీ చెమ్మగానీ పోతే వెలుగు చెదిరిపోతుంది. అందుకని గొట్టం చివర అరచేతిలో పట్టేంత గుండ్రటి గాజు కిటికీ పెట్టి, అంచుల వెంట గాలి కూడా చొరకుండా మూసేశారు. లోపలికి నలుసు రాకూడదు. బయటికి వెలుగు మొత్తం పోవాలి. కిటికీ తనకంటూ రవ్వంత కూడా ఉంచుకోకూడదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మనుషులకే చేతగాని పనిని ఒక గాజుబిళ్ళకి అప్పజెప్పారు.

ఆ కిటికీలు చేసే ఆమెని ఊళ్ళో అందరూ కిటికీలమ్మ అనేవాళ్ళు. ఆమె చేసిన మొదటి కిటికీ ఏడాదిపాటు నిక్షేపంగా ఉంది. ఆ ఏడాది చివర్లో ఆమె అత్తగారికి కూడా రెండు కళ్ళూ వచ్చాయి. చిక్కంతా ఆ తరవాతే మొదలైంది. మూడు వారాల్లో మూడు కిటికీలు టప్పుమని పగిలాయి. మూడూ శుక్రవారాలే. పగిలిన రోజు వంతు ఎవరిదైతే వాళ్ళు సగం చూపుతో ఇంటికి పోయారు.

ఊరు ఊరికే ఉంటుందా? శుక్రవారంనాడు వెలుగుకి ఉగ్రం ఎక్కువన్నారు కొందరు. దిష్టి తగిలిందని గొట్టానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు ఇంకొందరు. రాజుగారి మనిషి మాత్రం వచ్చి ఒకటే మాట చెప్పాడు.

"నాలుగోది కూడా పగిలితే గొట్టం పీకేస్తాం. రాళ్ళు కోసుకోవడానికి గనివాళ్ళు ఎప్పట్నుంచో ఆ వెలుగు అడుగుతున్నారు."

వచ్చే శుక్రవారం వంతు కిటికీలమ్మ మొగుడిది. దర్జీ మనిషి. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంటికి ముందు సూదిబెజ్జం కనబడటం మానేసింది, తరవాత కుట్టు, ఇప్పుడు పెళ్ళాం మొహం కూడా మసకే. ఈ వంతు తప్పితే ఆ మసక కూడా మిగలదని వైద్యుడు చెప్పేశాడు.

ఆమె చేయని ప్రయత్నం లేదు. మొదటిది పగిలాక రెండోదాన్ని మందంగా చేసింది. అది మరీ తొందరగా పగిలింది. మూడోదాన్ని కదలడానికి వీల్లేకుండా గట్టిగా బిగించింది. వేడికి ఒళ్ళు విరుచుకునే చోటు లేకనేమో, అదీ ముక్కచెక్కలైంది. నాలుగోదాన్ని మళ్ళీ పల్చగానే చేసి, అంచు చుట్టూ మెత్తటి పట్టీ వేసి, కాస్త ఊపిరాడేలా కూర్చోబెట్టింది. అయినా ధైర్యం లేదు. నా చేతుల్లోనే ఏదో లోపం ఉందని ఏడ్చింది, పాపం. పని బాగా వచ్చినవాళ్ళకి ఉండే జబ్బే ఇది, ముందు తమనే తిట్టుకుంటారు.

గురువారంనాడు ఇక ఉండబట్టలేక కొండెక్కి వెలుగునే అడిగింది.

"నా కిటికీలు నీకేం అన్యాయం చేశాయి? ఎందుకలా పగలగొడుతున్నావు?"

"నేను పగలగొట్టనమ్మా. దాటిపోతాను, అంతే. దారిలో ఏదో నన్ను ఆపింది. ఆపినచోట కాలింది."

"ఏమిటది?"

"చూసేంత తీరిక నాకెక్కడిది? కాలినప్పుడు పసుపు వాసన వేసింది."

ఇంటికొచ్చి, పగిలిన ముక్కలన్నీ తీసి చాప మీద పేర్చింది. మూడింటిలోనూ పగులు అంచు దగ్గర మొదలు కాలేదు. చింతగింజంత నల్లటి మచ్చ దగ్గర మొదలైంది. ఆ మచ్చలో సన్నటి గీతలు. వేలిముద్ర! ఎవరో గిట్టనివాళ్ళు పనిగట్టుకుని చేస్తున్నారని పళ్ళు నూరింది. ఇన్నాళ్ళు తనని తాను తిట్టుకున్న తిట్లన్నీ ఆ వేలికి దాచిపెట్టింది.

శుక్రవారం తెల్లవారుతూనే వెళ్ళి వైద్యుడి గదిలో తలుపు చాటున నిలబడింది. కాసేపటికి అత్తగారు కొడుకుని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చింది. వైద్యుడు అతన్ని బల్ల మీద కూర్చోబెడుతుంటే, ఆవిడ తలంటుకున్న జుట్టు ముడివేసుకుని తిన్నగా కిటికీ దగ్గరికి నడిచింది. చేతులు పచ్చగా పసుపుతో మెరుస్తున్నాయి.

"అత్తయ్యా!"

ఆవిడ ఉలిక్కిపడింది, చాచిన చెయ్యి వెళ్ళి కిటికీ మీదే పడింది. అలవాటు కొద్దీ ఆ వేళ్ళని కళ్ళకద్దుకుంది కూడా.

"ఏమిటే ఆ కేక? దడుచుకు చచ్చాను."

"ప్రతి శుక్రవారం ముట్టుకుంటున్నారా మీరు?"

"ముట్టుకోనూ? నాకు కళ్ళిచ్చిన తల్లి. తలంటుకోగానే వచ్చి దండం పెట్టుకుని పోతాను. అది కూడా తప్పేనా?"

గిట్టనివాళ్ళైతే కిటికీలమ్మ కడిగిపారేసేది. దండం పెట్టిన చేతిని ఏమని తిడుతుంది? చెప్పకుండా ఉంటే బాగుండుననిపించింది. కానీ చెప్పకపోతే వచ్చే శుక్రవారం ఇంకొకరి కన్ను పోతుంది.

"మీ చేతి నూనే, పసుపూ దాని మీద ఉండిపోతున్నాయి అత్తయ్యా. వెలుగు అక్కడ ఆగి కాలుతోంది. అందుకే పగులుతోంది."

ముసలామె తన చేతులకేసి చూసుకుంది. "అయితే ఆ ముగ్గురూ... నా మూలంగానా?"

కోడలు అప్పటికే కిటికీ మీదికి వంగి మచ్చ ఎక్కడుందో చూస్తోంది.

"అయ్యో, అయ్యో! ఉండు, తుడిచేస్తాను" అంటూ అత్తగారు కొంగు తీసింది.

"కొంగు వద్దు, గీతలు పడతాయి! మీరు దూరంగా ఉండండి, చాలు."

బయట కొండ నెత్తిన ఎండ పడింది. ఇక వెలుగుని ఆగమనగలవాళ్ళు ఎవరూ లేరు. మార్చడానికి మరో కిటికీ లేదు. కిటికీలమ్మ మెత్తటి గుడ్డని వైద్యుడి స్పిరిట్‌లో తడిపి, ఈ అంచు నుంచి ఆ అంచుకి ఒక్కసారి లాగింది. రుద్దితే మచ్చ ఇంకా పరుచుకుంటుంది. బలం చూపించే పని కాదు. గుడ్డ మడత మార్చి ఏటవాలుగా చూసింది. సన్నటి పసుపు చార ఇంకా ఉంది. మళ్ళీ లాగింది. ఇంకా ఉంది. బల్ల మీంచి మొగుడు "ఏం జరుగుతోందే అక్కడ?" అని అడుగుతున్నాడు. మూడోసారి లాగి, చెయ్యి పక్కకి తీసిందో లేదో, వెలుగు వచ్చేసింది.

టప్పుమనే చప్పుడు కోసం అందరూ చెవులు అక్కడే పెట్టారు. ఆ చప్పుడు రాలేదు. వెలుగు తన దారిన తాను దాటి, తాకవలసినచోట తాకి, వెళ్ళిపోయింది.

కాసేపటికి వైద్యుడు కన్ను తెరవమన్నాడు. దర్జీ తెరిచి, పెళ్ళాం మొహంలోకి చాలాసేపు చూశాడు.

"చిక్కిపోయావే" అన్నాడు.

తరవాత గొట్టం వైపు తిరిగి బోలెడు కంగారుపడ్డాడు. "ఇదేమిటి, కిటికీ పెట్టడం మరిచిపోయావా? అక్కడ ఏమీ లేదే!"

కిటికీలమ్మ ఏడుస్తూ నవ్వింది. ఆమె పని గురించి అంత మంచిమాట అప్పటిదాకా ఎవరూ అనలేదు.

"అమ్మేదీ? అమ్మా, ఇలా రా, నిన్నూ చూడనీ" అన్నాడతను.

తల్లి ఎదురుగోడకి ఆనుకుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. కన్నీళ్ళు గడ్డందాకా కారుతున్నాయి. తుడుచుకోవడానికి కూడా ఆవిడ ఆ చేతులు ముందుకి తియ్యలేదు.