పుప్పొడి తిన్న చిలుక

పిల్లలూ, దగ్గరికి జరగండి. ఈ కథలో ముందుది వెనక, వెనకది ముందు చెప్తానేమో. చెప్పినా ఆపకండి, ఆపితే మొత్తం మర్చిపోతాను.

అనగనగా మణికేతు అనే రాజు. మంచివాడే, కానీ ఏ పనీ ఎవరికీ వదలడు. కోట తలుపులకు గడియ వేశారో లేదో తనే చూడాలి, ఏనుగులకు మేత పడిందో లేదో తనే చూడాలి. అలా దిగులుపడి దిగులుపడి ఒంట్లో సత్తువంతా పోయింది. కిరీటం పెడితే మెడ వాలిపోయేది. ముద్ద నోటిదాకా వెళ్లేది కాదు.

రాజవైద్యుడు నాడి చూసి, "ఇది దిగులు తెచ్చిన నీరసం. ఇలాగే ఉంటే రాజుగారు దక్కరు. ఏడు సముద్రాల అవతల పూలలోయ ఉంది. అక్కడి తేనెటీగలు తెచ్చే పుప్పొడి పాలలో కలిపి పట్టించాలి" అన్నాడు.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వెళ్లి తేనెపట్లకు పొగబెట్టాడు. ముఖం బూరెలా ఉబ్బి తిరిగొచ్చాడు. రెండోవాడు పట్టు పిండుకుని వచ్చాడు. "ఇది తేనె నాయనా! నేనడిగింది ఈగల కాళ్లకంటుకునే పచ్చటి పొడి" అని వైద్యుడు తల పట్టుకున్నాడు. పెద్దవాడు నవ్వబోయాడు కానీ మూతి కదల్లేదు.

ఇక మూడోవాడు సుధన్వుడు బయల్దేరాడు. సముద్రపు ఒడ్డున ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్లాడిస్తోంది. దాన్ని తిప్పి నీడన పెట్టి, "తొందరేం లేదు తాతా, కాసేపు పడుకో. నేనున్నాగా" అన్నాడు. నిద్రలేచిన తాబేలు అతన్ని వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

పూలలోయ కరాళుడనే మాంత్రికుడిది. పున్నాగవల్లి అనే రాకుమారిని ఎత్తుకొచ్చి, ఆమె చేత తేనెటీగలను కాయిస్తున్నాడు. అక్కడ రెక్కలు తడిసిన ఈగ ఒకటి నేలమీద పడి ఉంది. సుధన్వుడు దాన్ని అరచేతిలోకి తీసుకుని, "తొందరేం లేదు తల్లీ, కాసేపు పడుకో. నేనున్నాగా" అన్నాడు.

రెక్కలారాక ఈగ చెప్పింది: "మా గూటి గుమ్మానికి వెదురు తడిక కట్టు. మేము ఇరుక్కుని దూరేంత కంతలుంచు. దూరేటప్పుడు మా కాళ్ల నుంచి కొంత పొడి రాలుతుంది. రాలింది నీది, మిగిలింది మా పిల్లలది."

సుధన్వుడూ రాకుమారీ తడిక అల్లారు. సాయంత్రానికి దొప్పెడు పుప్పొడి రాలింది.

"పద, పోదాం" అన్నాడతను.

"ఎలా పోతాం? కరాళుడి ప్రాణం ఆ పంజరంలో చిలుకలో ఉంది. అది మేలుకున్నంతసేపూ వాడూ మేలుకునే ఉంటాడు" అంది రాకుమారి.

కరాళుడు తన ప్రాణం అందులో దాచిన నాటి నుంచి ఆ చిలుక భయంతో కన్ను మూయలేదు. ఈకలన్నీ రాలిపోయాయి.

"నా మెడ విరవడానికేగా వచ్చావు?" అంది.

"ముందిది తిను" అని సుధన్వుడు దొప్ప చాచాడు.

"అయ్యో, అది మీ నాన్నగారి మందు!" అంది రాకుమారి.

"దీని నీరసమూ ఆయన నీరసమూ ఒకటే. ఆయనకు సగం ఉంటుందిలే."

చిలుక తింది. అతను దాని తల నిమురుతూ, "తొందరేం లేదమ్మా, కాసేపు పడుకో. నేనున్నాగా" అన్నాడు. చిలుక నిద్రలోకి జారింది. అప్పుడే అక్కడికొచ్చి, వాళ్లమీద మంత్రం వేయబోతూ చెయ్యెత్తిన కరాళుడు అలాగే కూలబడి గురకపెట్టాడు.

నిద్రపోతున్న చిలుకను ఉత్తరీయంలో చుట్టుకుని ఇద్దరూ తాబేలు మీద ఇల్లు చేరారు. అంత నిద్రపోయి లేచాక కరాళుడికి ఒక్క మంత్రమూ గుర్తులేదట. పూలమొక్కలకు నీళ్లు పోస్తూ బతికాడట. చిలుకకేమో ఈకలన్నీ మళ్లీ వచ్చాయట.

కాబోయే కోడలు పున్నాగవల్లి పుప్పొడిని పాలలో కలిపి రాజుగారికి ఇచ్చింది.

"ఉండమ్మా, ఆ తూర్పు ద్వారం..."

"మామయ్యగారూ! గిన్నె ఖాళీ అయ్యేదాకా ద్వారాల ఊసెత్తకూడదు. మా ఈగల్లో ఏదీ అన్ని పూలమీదా తనే వాలాలనుకోదు."

రాజు నడుమునున్న తాళాలు తీసి పెద్దకొడుక్కిచ్చాడు, ఏనుగులను రెండోవాడికి అప్పగించాడు. పాలు తాగి, హాయిగా పడుకున్నాడు. రోజూ అలాగే. నెల తిరిగేసరికి ఊతకర్ర లేకుండా నడిచాడు.

సుధన్వుడికీ పున్నాగవల్లికీ జరిగిన పెళ్లిలో తలంబ్రాలు చాలలేదని ఆయనే చాట పట్టుకుని పరుగెత్తబోయాడు. "మామయ్యగారూ!" అంది పీటల మీది పెళ్లికూతురు. రాజు చాట రెండోవాడి చేతిలో పెట్టి బుద్ధిగా కూర్చున్నాడు. ఆ తర్వాత ముగ్గురు కొడుకుల సాయంతో చాలాకాలం చల్లగా ఏలాడు.

కథ అయిపోయింది పిల్లలూ. ఏమే చెల్లీ తాయారూ, నువ్వూ అమ్మ దగ్గర ఈ కథ విన్నదానివే. రాకుమారి పేరు పున్నాగవల్లేనా? మాంత్రికుడు కరాళుడేనా? తప్పుంటే దిద్దిపెట్టవే.