భుజం గుడ్డ

పదకొండేళ్ళు నేను ఒక గుడ్డముక్క కోసం ఏడ్చాను. టైలరుని కదా, నవ్వండి. కొట్టునిండా తానులే. అయినా నాకు కావలసింది మాత్రం మదార్ సాయిబు గారి సైకిలు సంచీలో మడతపెట్టి ఉండే ఓ జానెడు వెడల్పు ముతక గుడ్డ.

మదార్ సాయిబు గారు మా గురువు. కూర్చోబెట్టి బోధించే మనిషి కాదు. తెల్లారేసరికి పాత నల్ల సైకిలెక్కి కాలవగట్టు మీద పడేవారు. పెడలు తిరిగినప్పుడల్లా దేవుడి పేరు ఒకసారి అనుకోవాలి, అంతే ఆయన చెప్పే చదువు. నేను రాముడి పేరు అనుకునేవాణ్ణి, ఆయన తన దేవుడి పేరు. "కాలవ ఒకటే కదరా, ఎవడి బిందె వాడు ముంచుకుంటాడు" అనేవారు.

ఎగువ లాకు నుంచి దిగువ లాకు దాకా ఆరు మైళ్ళ గట్టు అది. రెండు చివర్లా ఇనపకమ్మీలు పాతేశారు, లారీ రాదు, ఆటో రాదు. సైకిలైతే ఎత్తి అవతల పెట్టుకోవచ్చు. ఎర్రకంకర దారి, ఓ పక్క నీళ్ళు, ఓ పక్క వరిచేలు. టైర్ల కింద కంకర కరకరలాడటం తప్ప వేరే చప్పుడుండదు.

రోడ్లు లేని రోజుల్లో ఆ గట్టు మీదే మనుషులు భుజాన తాడు వేసుకుని పడవల్ని లాక్కుపోయేవారు. సాయిబు గారి గురువు అలా లాగిన మనిషే. తాడు ఒరిసి తోలు ఊడకుండా ఆయన భుజానికి వేసుకున్న గుడ్డే ఇది. ఆయన దగ్గర్నుంచి సాయిబు గారికి వచ్చింది. మీకెలా ఇచ్చారండీ అని ఎన్నోసార్లు అడిగాను. అడిగినప్పుడల్లా కాలవ వైపు మొహం తిప్పుకునేవారు. వినయం అనుకున్నాను, నా మొహం.

"నాకెప్పుడిస్తారు గురువుగారూ?" అని ఒకరోజు పట్టుబట్టాను.

"ఆ లాకు నుంచి ఈ లాకు దాకా కాలు నేలకి ఆనకుండా, నోట పేరు తప్పకుండా రా. ఇస్తాను."

ఏడుసార్లు తప్పాను. ఒకసారి కుక్క అడ్డం వచ్చింది. ఒకసారి చైను ఊడింది. ఇంకోసారి గడ్డిమోపులతో ఆడవాళ్ళు ఎదురొస్తే దిగాల్సి వచ్చింది. దిగి వాళ్ళని లోపల తిట్టుకున్నాను కూడా. మా ఆవిడ, "ఆ గుడ్డేదో నేనే కుట్టిపెడతాను గానీ ముందు కొట్టు తెరవండి" అని దెప్పేది. నేను ఊరుకుంటానా! మందం టైర్ల గేరు సైకిలు కొన్నాను.

ఎనిమిదోసారి బయల్దేరిన రోజు అన్నీ కలిసొచ్చాయి. గాలి వెనక నుంచి కొడుతోంది, కంకర రాత్రి చినుకులకి అణిగి ఉంది. నాలుగు మైళ్ళు కాలు దించకుండా వచ్చేశాను. రామ, రామ, పెడలు తప్పితే పేరు తప్పాలి. ఇవాళ గుడ్డ నాదే అనుకున్నాను.

కర్రవంతెన దగ్గర నూకరత్నమ్మ అరుపు వినపడింది.

నూకరత్నమ్మది ఆ వంతెన పక్కనే గుడిసె. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఓ గేదె ఉంది. దాని పాలమ్ముకుని బతుకుతుంది. పదకొండేళ్ళుగా మా ఇద్దరికీ రోజూ చెరో గ్లాసు మజ్జిగ పోసేది. అప్పుడా గేదె చూడితో ఉంది, ఇవాళో రేపో ఈనేలా ఉంది.

గేదె కాలవలో ఉంది. దాని పలుపు నీళ్ళలోని పాత గుంజకి మెలికలు పడి చుట్టుకుపోయింది, తల కిందికి గుంజేస్తోంది. ఆవిడ గుండెల్లోతు నీళ్ళలో నిలబడి రెండు చేతులా దాని మూతి పైకెత్తి పట్టుకుంది.

"టైలరుబాబూ! దేవుడల్లే వచ్చావు. తాడు కోసెయ్ బాబూ! నేను వదిలితే మునిగిపోద్ది!"

నా సంచీలో కత్తెర ఉంది. కత్తెర లేకుండా నేను ఇల్లు కదలను. దిగి ఆ తాడు కోసి మళ్ళీ ఎక్కడానికి ఎంతసేపు, రెండు నిమిషాలు.

"వచ్చేటప్పుడమ్మా, వచ్చేటప్పుడు!" అని కేకేసి తొక్కేశాను.

ఇప్పుడు చెప్పేది చెప్పుకోడానికి సిగ్గేస్తుంది, అయినా చెప్తాను. మిగిలిన రెండు మైళ్ళూ నాకు బెంగే. గేదె గురించి కాదు. ఆ రెండు ముక్కలు మాట్లాడినందుకు నోట్లో పేరు తప్పినట్టా, కాదా అని.

దిగువ లాకు దగ్గర సాయిబు గారు కమ్మీకి ఆనుకుని కూర్చున్నారు. నేను దిగకుండానే చేతులు రెండూ ఎత్తాను. "అయింది గురువుగారూ! కాలు ఆనలేదు!"

ఆయన మొహం వెలిగింది. అది నిజం, నేను చూశాను. సంచీలో చెయ్యి పెట్టబోతూ అడిగారు. "దారిలో ఎవరూ అడ్డం రాలేదా?"

నా నిబ్బరం చూపించుకోవాలిగా మరి! "నూకరత్నమ్మ పిలిచిందండి. గేదె నీళ్ళలో చిక్కుకుందిట. అయినా దిగలేదు."

ఆయన చెయ్యి సంచీలోంచి ఖాళీగా వచ్చేసింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, సైకిలెక్కి ఎదురుగాలికి ఎలా తొక్కారో! గేరు సైకిలు మీద నేను ఆయన్ని అందుకోలేకపోయాను.

మేం వెళ్ళేసరికి నూకరత్నమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. తడిచీర ఒంటికి అంటుకుపోయింది, చేతులు రెండూ ఒళ్ళో పడేసుకుంది. గేదె నీళ్ళలో పక్కకి తిరిగి తేలుతోంది. ఉబ్బిన పొట్ట పైకి కనపడుతోంది.

నేను దిగాను. కాలు నేలకి ఆనింది.

"ఇంకో గేదెని తోలిస్తానమ్మా" అన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. సాయిబు గారితోనే మాట్లాడింది.

"చానాసేపు పట్టుకున్నానండి. చేతులు ఆగలేదు. టైలరుబాబు అబద్ధమాడలేదు లెండి. వచ్చేటప్పుడన్నాడు, వచ్చాడు."

నా నోరు ఊరుకోలేదు. "కాలు దించొద్దన్నది మీరే కదా గురువుగారూ!" అనేశాను.

"అన్నాను" అన్నారాయన.

అని, సంచీలోంచి ఆ గుడ్డ తీశారు. మడత విప్పి నా కుడిభుజం మీద వేసి సరిచేశారు, పెళ్ళికొడుక్కి కండువా సరిచేసినట్టు. నా కత్తెర అడిగి తీసుకుని నీళ్ళలోకి దిగి, గుంజ దగ్గర పలుపు కోసి, దానికి నూకరత్నమ్మ బావి చేంతాడు ముడేశారు. కొస తెచ్చి నా చేతికిచ్చారు.

"ఊళ్ళోవాళ్ళు తాగే నీళ్ళు. రేవు దాకా లాగు."

రేవు అక్కడికి రెండు ఫర్లాంగులు. తాడు భుజాన వేసుకుని ముందుకు వంగాను. సాయిబు గారు వెదురుగడ పట్టుకుని మొలలోతు నీళ్ళలో నడుస్తూ గేదె గట్టుకి తగలకుండా తోస్తూ వచ్చారు. నూకరత్నమ్మ వెనకాల నడిచింది. నీళ్ళలో తేలేది తేలిగ్గా వస్తుందనుకున్నాను. అబ్బే! అడుగు తీసి అడుగు వెయ్యాలంటే ప్రాణం పోయింది. అడుగుకో పేరు అనుకోబోయాను. నోట్లోకి రాముడు రాలేదు. వచ్చేటప్పుడు, వచ్చేటప్పుడు, అదే వచ్చింది.

సగం దూరంలో గుడ్డ తడిసి భుజానికి అంటుకుంది. టైలరు చెయ్యి కదా, తడిమి చూసుకున్నాను. లోపలివైపు రెండు చోట్ల తాడు కోసేసిన చిరుగులు, ఒక్కో చిరుగునీ ఒక్కో చెయ్యి కుట్టింది. రెండో కుట్టు సాయిబు గారి చేతిది. చిరిగిన చొక్కాలు నాకివ్వకుండా ఆయనే వేసుకునే ఆ వంకరకుట్టు ఎక్కడ కనపడినా పోల్చుకుంటాను.

రేవులో గేదెని ఒడ్డుకి చేర్చాం. ఊళ్ళోంచి నలుగురు వచ్చి గొయ్యి తియ్యడం మొదలెట్టారు. నూకరత్నమ్మ దాని పొట్ట మీద చెయ్యేసి కూర్చుంది. అప్పుడేడ్చింది.

నేను భుజం మీది గుడ్డ తీసి, నీళ్ళు పిండి, మడతపెట్టి రెండు చేతులా సాయిబు గారికి చాచాను. "నాకొద్దండి. నేను తగను."

ఆయన కాలవ వైపు మొహం తిప్పుకున్నారు.

"ఉంచుకోరా సత్తిరాజూ. నాకూ ఇలాగే వచ్చింది."