ఏసోబు ఒంటి నూనె

చిన్న కథే. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. అయితే ముందు మా చినసత్తెయ్య మాస్టారి సున్నం డబ్బా సంగతి చెప్పాలి. ఊళ్ళో ఆడపిల్లలకు చెడుగుడు నేర్పే ఈయన్ను ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు. డబ్బా చేతికిచ్చి బరి చుట్టూ గీతలు గియ్యమంటాడు. మా పోస్టుమాస్టరు ఒకసారి దేవుడున్నాడా అని అడిగి, నడుం పట్టేసి వారం సెలవు పెట్టాడు. ఆ వారం ఊళ్ళో ఉత్తరాలు ఎప్పటికంటే త్వరగా అందాయని చెప్పుకుంటారు. ఆ గొడవ మనకెందుకు.

ఆ రోజు అడిగింది ముత్యాలు, ఆడపిల్లల జట్టు కెప్టెను.

"మాస్టారూ, చచ్చిపోయినవాణ్ణి ఇప్పుడు క్షమిస్తే ఆయనకేం ఒరుగుతుంది?"

మాస్టారు డబ్బా ఇచ్చాడు. "ఔటైనవాళ్ళు కూర్చునే వైపు గీత కాస్త లావుగా గియ్యి," అన్నాడు.

చచ్చిపోయినవాడు ఏసోబు. చర్చి వెనక పేటలో ఉండేవాడు. మా నాన్న కాలంలో ఒక తాసిల్దారు వెండి కప్పు పెట్టి, ఊరూ పేటా కలిసి ఆడితేనే ఇస్తానన్నాడు. ఆడారు. ఏసోబు కూతకు వెళ్తే ఊరి జట్టువాళ్ళు ఒక్కొక్కరే గీత దాటి బయటపడి ఔటయ్యారు. ఆయన నడుచుకుంటూ తిరిగొచ్చాడు. తాసిల్దారు జీపెక్కగానే పెద్దలు కూర్చుని, ఏసోబు ఒంటికి నూనె పూసుకొచ్చాడని, అందుకే ఎవరి పట్టుకూ దొరకలేదని తీర్పు చెప్పారు. కప్పు లాక్కుని, ఆయన్ను మళ్ళీ బరిలో అడుగు పెట్టనివ్వలేదు. నూనె ఏసోబు అనే పేరు మాత్రం ఆయనకే వదిలేశారు. ఆయన పోయాక అది కూతురికి వచ్చింది. ఇప్పటికీ మా సంతలో సువార్తమ్మ ఎవరంటే తెలీదంటారు, నూనె సువార్తమ్మ అంటే ఇంటిదాకా వచ్చి చూపిస్తారు. తండ్రి సమాధి మీద ఆమె ఇంతవరకూ పేరు చెక్కించలేదు. ముందు ఊరు ఆ నూనె తుడవాలి, అప్పుడు చెక్కిస్తానంది.

ఆ నూనె సంగతి తేల్చడానికే ఆ సాయంత్రం బరి పక్కన సభ. ప్రెసిడెంటు శేషారత్నం గారు మాట్లాడారు, అంటే వాళ్ళాయన మైకు పట్టుకున్నాడు. "ఒంటికి నూనె పూసుకున్న తప్పును ఈ ఊరు పెద్ద మనసుతో క్షమిస్తోంది," అన్నాడు. చప్పట్లు కొట్టాం. అంతకుముందు మైకు పనిచేసినందుకు కూడా కొట్టాం.

సువార్తమ్మ లేచింది. "క్షమించడం సరే బాబూ. నూనె ఉందని చూసిందెవరు?"

ముందు వరసలో బాపినీడు తాత చెయ్యెత్తాడు. ఆనాటి ఊరి జట్టులో మిగిలింది ఆయనొక్కడే. చెవులు సరిగా పనిచెయ్యవు గానీ, తన గొప్ప చెప్పుకునే అవకాశం వస్తే మాత్రం వినపడుతుంది. మైకు తన దగ్గరికి తెప్పించుకున్నాడు.

"కెప్టెన్ని నేనే. పెద్దల ముందు సాక్ష్యం చెప్పిందీ నేనే."

"అయితే మా నాన్నను మీరు పట్టుకున్నారు, చేతిలోంచి జారిపోయాడు. అంతేనా బాబుగారూ?"

"పట్టుకోవడమేమిటి సువార్తా. ఆ రోజుల్లో మీవాళ్ళను మేమెట్టా ముట్టుకుంటాం? ఆయన మీదికొస్తుంటే తగలకుండా గీత దాటి తప్పుకున్నాం. మా జట్టులో ఒక్కడు కూడా చెయ్యి వెయ్యలేదు," అన్నాడు తాత, కొంచెం గర్వంగానే.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తానన్న మాట తన చెవికి చేరడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. చేరింది.

మాస్టారు విజిల్ ఊదాడు. "బాపినీడు గారూ, మన ఆటలో ఔటైనవాణ్ణి చచ్చాడనే అంటాం. వాడు మళ్ళీ లేవాలంటే అవతలి జట్టులో ఒకడు ఔటై బయట కూర్చోవాలి. చిన్నప్పుడు నాకీ ఆట నేర్పింది మీరే."

ప్రెసిడెంటుగారి మొగుడికి చేతిలో మైకు లేక ఏం చెయ్యాలో తోచలేదు. తాత కర్ర తిరగేస్తాడని అందరం అనుకున్నాం. నేనైతే బాగా కనపడుతుందని నాలుగు కుర్చీలు ముందుకు జరిగాను.

తాత కుర్చీలోంచి లేచాడు. ముత్యాలు లావుగా గీసిన గీత దాటి, అవతల నేలమీద కూర్చోబోయాడు. మోకాళ్ళు వంగలేదు. సువార్తమ్మ వెళ్ళి చెయ్యిచ్చింది. ఆయన పట్టుకున్నాడు, గట్టిగానే. మెల్లిగా కూలబడ్డాక, తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"నూనె లేదు," అన్నాడు.

మైకు లేకపోయినా చివరి వరసదాకా వినపడింది.

జనం వెళ్ళిపోయాక ముత్యాలు మాస్టారి దగ్గరికొచ్చింది. "అయితే మాస్టారూ, ఏసోబు లేచినట్టేనా?"

మాస్టారు ఈసారి డబ్బా ఇవ్వలేదు.

"ఒకాయన కూర్చున్నాడుగా," అన్నాడు.