తాత రాసిన జోల, తబిత చదివిన జోల

అనగా అనగా, కాలవ గట్టునున్న ఒక ఊళ్ళో, పెంకుల చర్చి ఒకటి ఉండేది. ఊఁ కొట్టాలి మరి! కొట్టకపోతే ఇక్కడే ఆపేస్తాను, నా ఇష్టం.

ఆ చర్చిలో ఒక పాత పియానో. అది నేర్పే ఆవిడ లిల్లీ టీచరమ్మ. ఆవిడ దగ్గర నేర్చుకునే పిల్ల తబిత. తొమ్మిదేళ్ళది, పిడుగనుకో. ఏ పాటైనా ఒక్కసారి చెవిన పడితే చాలు, పియానో మీద అచ్చంగా దించేసేది.

కానీ కాగితం మీది పాట చదవమంటే మాత్రం దానికి ఒళ్ళు మంట. కాగితం మీద ఏముంటాయి? ఐదు గీతలు, వాటి మీద తోకలున్న నల్ల చుక్కలు. ఒక్కో చుక్కకీ పియానోలో వేలితో నొక్కే ఒక్కో మెట్టు, తెల్లదో నల్లదో. ఈ మహాతల్లి ఏం చేసేదంటే, కాగితం ఎదురుగా పెట్టుకుని, చదువుతున్నట్టు కళ్ళు తిప్పుతూ, తను ఎప్పుడో విన్న పాటే వాయించేసేది. దొంగమొహం!

తబిత వాళ్ళమ్మ పేరు సువార్త. పాపం, ఆవిడ ఎనిమిది నెలల పసిపిల్లప్పుడే వాళ్ళ నాన్న యోనా జ్వరంతో పోయాడు. పోయే ముందు కూతురి కోసం ఒక జోలపాట కట్టి, దాన్ని చుక్కల్లో రాసి పెట్టాడు. ఆ కాగితం ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచుకుంది సువార్త. నాన్న మొహం గుర్తులేదు, గొంతు గుర్తులేదు. ఆ ఒక్క కాగితమే మిగిలింది, అదీ చదివి వినిపించేవాళ్ళు లేరు. టీచరమ్మకా, కళ్ళల్లో శుక్లాలు. తన కాగితాలంటే ఆవిడకి కంఠతా వచ్చు గానీ, యోనా రాసిన చీమ తలకాయంత చుక్కలు ఆవిడకి ఆనవు.

అప్పుడు సువార్త ఒక ఆదివారం ఆ కాగితం తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. "మా నాన్న పాట నీ చేత వినాలనుందే, వాయించవూ?" అంది.

రాదని చెప్పడానికి తబితకి నోరు రాలేదు. కాగితం పెట్టుకుంది, తోచిన రాగం ఏదో అల్లేసి వాయించింది. వెనక బెంచీలో కూర్చున్న సువార్త కళ్ళనీళ్ళు కార్చేసింది. "ఇదా నాన్నా నీ పాట!" అని దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

ఆవిడ వెళ్ళాక లిల్లీ టీచరమ్మ వచ్చి కాగితం దగ్గరికి వంగి చూసింది. "బాగుందే! పెద్దక్షరాల పాట పేరు అడుగున ఉంది, కాగితం తలకిందులుగా ఉంది. అయినా ఎంత చక్కగా చదివావు!" అంది. తబిత మొహం మాడిపోయింది.

ఆ రోజు నుంచి సువార్త వంట చేస్తూ అదే రాగం, బట్టలారేస్తూ అదే రాగం. విన్నప్పుడల్లా తబితకి ముద్ద దిగేది కాదు. అమ్మ అంత ప్రేమగా పాడుకునేది తాత పాట కాదాయె!

ఆ తర్వాత ఇంకో కబురొచ్చింది. సువార్తకి నలభై నిండుతున్నాయని చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. దానికి ఆవిడ మేనత్త రాహేలమ్మ వస్తోంది. యోనాకి అక్క. ఆ జోల విన్నవాళ్ళలో బతికున్నది ఆవిడొక్కతే. పాడమంటే గుర్తు లేదు గానీ, వింటే పోల్చుకుంటానంది. ఇంకేముంది, తబిత గుట్టు రట్టే!

పరుగున వెళ్ళి టీచరమ్మ కాళ్ళ దగ్గర కూలబడింది. "నాకు నిజంగా చదవడం నేర్పండి టీచరమ్మా. మా అమ్మకి తాత పాటే వినిపించాలి" అని ఏడ్చింది.

టీచరమ్మ తాత కాగితం తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. "కూడికకి ఇంకా ఆరు నెలలుంది. రోజుకో కొత్త కాగితం ఇస్తాను. వాయించిన కాగితం మళ్ళీ ఇవ్వను. నీ చెవి చేసే దొంగతనాలు నా దగ్గర సాగవు" అంది.

మొదట నేర్పింది ఏమిటంటే, చేతులు కట్టుకుని చూడటం. పాట మొదలు నుంచి చివరిదాకా కళ్ళతో నడిచి, కష్టమైన చోటు ఎక్కడుందో చూసుకుని, తొడ మీద తాళం వేసుకున్నాకే పియానో ముట్టాలి. రెండోది, తువ్వాలు. తబిత చేతుల మీద తువ్వాలు కప్పేసేది టీచరమ్మ. "మెట్లు ఎక్కడికీ పారిపోవు, చూపు కాగితం మీద ఉండనీ" అనేది.

మూడోది విసనకర్ర. ఆహా, దాంతో తబిత పడ్డ పాట్లు చెప్పనలవి కాదు! వాయించిన చుక్కల్ని వాయించినట్టే విసనకర్రతో మూసేసేది ఆవిడ. తప్పు పోయినా వెనక్కి చూడటానికి లేదు. తాళం తప్పకుండా ముందుకే పోవాలి. ఎంత నెమ్మదిగానైనా పో, ఆగకు, అంతే.

మొదటి నెల అంతా తప్పులే. వీధిలో వెళ్ళేవాళ్ళు "పియానో పాడైందా టీచరమ్మా?" అని అడిగేవారు. తబిత ఉక్రోషంతో ఏడ్చి, ముక్కు చీది, మళ్ళీ కూర్చునేది. మూడో నెలకి తప్పులు తగ్గాయి. ఆరో నెలకి ఏ కొత్త కాగితం పెట్టినా, నత్తనడకన అయినా, ఉన్నది ఉన్నట్టు చదివేసేది.

అప్పుడు కూడిక రోజు వచ్చింది. చర్చి నిండా జనం. ముందు బెంచీలో సువార్త, పక్కన రాహేలమ్మ. టీచరమ్మ బీరువా తీసి కాగితం ఇచ్చింది.

తబిత వాయించలేదు. తల్లి ముందుకెళ్ళి నిలబడింది. "అమ్మా, ఆ రోజు నేను వాయించింది తాత పాట కాదు. నాకు చదవడం రాక కల్పించాను" అంది. సువార్త మొహంలో నెత్తురు చుక్క లేదు.

తబిత వెళ్ళి కూర్చుంది. కాగితం సరిగ్గా పెట్టి, చేతులు కట్టుకుని చివరిదాకా చూసింది. అప్పుడు మొదలుపెట్టింది. నెమ్మదిగా, ఒక్కో చుక్కా. సగం దాకా బాగానే సాగింది.

అక్కడొచ్చింది చిక్కు. ఆ చోట రాగం పైకి పోవాలని దాని చెవి గోల. తనకి తెలిసిన పాటలన్నీ అలాగే పోతాయి మరి. కానీ చుక్క కిందికి, ఎక్కడో ఎడమ పక్క నల్ల మెట్టు మీదికి దిగింది. తాత రాయడంలో పొరబడ్డాడా? చెవి మాట వినాలా, కాగితం మాట వినాలా? ఆలోచించే వ్యవధి ఎక్కడిది, తాళం నడిచిపోతోందాయె! తబిత పళ్ళు బిగించి ఆ నల్ల మెట్టే నొక్కింది.

"అదీ!" అని ఒక్క అరుపు అరిచింది రాహేలమ్మ. చేతికర్ర జారిపోతున్నా చూసుకోకుండా లేచి నిలబడింది. "అదీ మా యోనా పాట! అక్కడే గొంతు దించేవాడు. పిల్ల నిద్రపోయిందో లేదో ఉయ్యాల్లోకి వంగి చూసి, మళ్ళీ అందుకునేవాడు. సువార్తా, నిన్నేనే అమ్మా, నిన్నే చూసేవాడు!"

తబిత ఆగలేదు. ఆగకూడదు కదా. చివరి చుక్క దాకా వాయించి అప్పుడు వెనక్కి తిరిగింది. నలభై ఏళ్ళ సువార్త మేనత్త భుజం మీద తలపెట్టుకుని పసిపిల్లలా ఏడుస్తూ నవ్వుతోంది. "మా నాన్న నన్ను వంగి చూశాడే తబితా, ఇప్పుడే చూశాడే!" అని, దగ్గరికొచ్చిన కూతుర్ని లాక్కుని గుండెకి హత్తుకుంది. జనమంతా చప్పట్లే చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది మన లిల్లీ టీచరమ్మ.

కథ పోయె కంచికి,
పాట చేరె ఇంటికి,
కునుకొచ్చె కంటికి,
ముద్దొకటి చెంపకి!